పై పెదవి ఫ్రీనం చిగురు అంచుదాకా దిగి ఉంటే: పెద్దవాళ్లు ఆపరేషన్ గురించి ఎలా నిర్ణయించుకోవాలి, ఎలా చేయించుకోవాలి

హనుమకొండలో చిగుళ్ల వైద్యం చేస్తున్న నన్ను పాతికేళ్లు దాటినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “ముందు పళ్ల మధ్య సందుంది డాక్టర్ గారూ, పెదవి లోపలి నరం కోసేస్తే మూసుకుపోతుందా? లేజర్ మంచిదా, కుట్లు మంచివా?” ములుగు నుంచి వచ్చినవాళ్లూ ఇదే అడుగుతున్నారు, పరకాల నుంచి ఫోన్ చేసినవాళ్లూ ఇదే అడుగుతున్నారు. ఓపీలో ఐదు నిమిషాల్లో చెప్పగలిగినంత చెబుతున్నాను గాని, సగం విషయం ఇంటికి చేరేలోపే మరిచిపోతున్నారు. అందుకే మొత్తాన్ని వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఇది పెద్దవాళ్ల కోసం మాత్రమే. చిన్నపిల్లల విషయంలో లెక్కలు వేరు.

పెదవి లోపలి వైపు నుంచి చిగురు మీదికి దిగే సన్నని మడతను ఫ్రీనం అంటారు. మనవైపు దీన్ని నరం అంటారు కానీ, మీరు భయపడే నరమేదీ అందులో లేదు. పైన పలుచని పొర, లోపల పీచులాంటి కణజాలం, కొందరిలో కొన్ని కండర పోగులు, అంతే. దాన్ని తీసేస్తే మూతి వంకరపోతుందని, చూపు తగ్గుతుందని పెద్దలు చెప్పే మాటలను పట్టించుకోకండి.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. పెద్దవాళ్లలో ఫ్రీనం కోసినంత మాత్రాన పళ్ల సందు దానంతటది మూసుకోదు. పళ్లను దగ్గరికి చేర్చేవి క్లిప్పులు. చేరిన పళ్లు మళ్లీ విడిపోకుండా, పెదవి కదిలినప్పుడల్లా చిగురు అంచు లాగబడకుండా చూడడానికే ఈ ఆపరేషన్ పనికొస్తుంది. ఈ తేడా తెలియక, ముందుగా కోయించుకుని, ఆరు నెలలు అద్దంలో చూసుకుంటూ కూర్చున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

దగ్గర పెట్టుకోవలసినవి

- మంచి వెలుతురు, చేతిలో పట్టే అద్దం, శుభ్రంగా కడుక్కున్న చేతులు.
- కెమెరా ఉన్న ఫోను, పక్కన ఒక మనిషి.
- మీరు రోజూ వాడే మందుల పేర్లు రాసిన కాగితం, లేదా ఆ మందుల పట్టీలే.
- షుగర్ ఉంటే మూడు నెలల సగటు షుగర్ పరీక్ష రిపోర్టు, బీపీ ఉంటే ఈ మధ్య చూపించుకున్న చీటీ.
- ఇంతకుముందు క్లిప్పులు పెట్టించుకుని ఉంటే ఆనాటి ఎక్స్‌రేలు, ఫొటోలు.

1. అద్దం ముందు మీరే చూసుకోండి

పళ్లు తోముకున్నాక కిటికీ దగ్గర నిలబడి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతో పై పెదవిని రెండు పక్కలా పట్టుకుని, ముందుకు, పైకి నెమ్మదిగా లేపండి. మధ్యలో తెరలా నిలబడే మడత కనిపిస్తుంది. అది చిగురు మీద ఎక్కడ దిగిందో చూడండి. 1974లో ప్లాచెక్ బృందం చేసిన విభజననే ఇప్పటికీ మేము వాడుతున్నాము. మడత పైనున్న ఎర్రని మెత్తని పొరలోనే ఆగిపోతే ఒక రకం, కింద గట్టిగా గులాబీ రంగులో ఉండే చిగురు మీదికి వస్తే రెండో రకం, రెండు ముందు పళ్ల మధ్య ఉండే ముక్కోణపు చిగురు మొనలోకి దిగితే మూడో రకం, ఆ మొనను దాటి అంగిలి వైపుకు కూడా చొచ్చుకుపోతే నాలుగో రకం. మొదటి రెండింటిని మామూలుగానే భావిస్తాము. ఆలోచించవలసింది మూడు, నాలుగు రకాల గురించే.

ఇప్పుడు అసలు పరీక్ష. పెదవిని అలాగే లేపి పట్టుకుని, కొద్దిగా అటూ ఇటూ కదిలిస్తూ, రెండు పళ్ల మధ్య ఉన్న ఆ చిగురు మొననే చూస్తూ ఉండండి. రక్తం తప్పుకుని అది పాలిపోయినట్టు తెల్లబడితే, లేదా పెదవితో పాటు అదీ కదిలితే, మడత అంచుదాకా లాగుతున్నదని అర్థం. పక్కన ఉన్నవారితో ఆ క్షణంలో ఫొటో తీయించి దాచండి, ముందు ముందు అవసరపడుతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. బలంగా లాగితే ఎవరి చిగురైనా తెల్లబడుతుంది కాబట్టి, నొప్పి పుట్టేంతగా లాగి “నాకూ ఉంది” అనుకోవద్దు. ఇక కొందరికి ఆ మడత మధ్యలో బియ్యపు గింజంత కండ వేలాడుతూ ఉంటుంది. దాన్ని చూసి గడ్డ అని, కేన్సర్ అని భయపడి రాత్రంతా నిద్రపోకుండా వచ్చినవాళ్లు ఉన్నారు. పుట్టుకతోనో పెరుగుదలతోనో వచ్చిన ఆ చిన్న కండ చాలామందిలో మామూలే. అయితే అది పెరుగుతున్నా, రంగు మారినా, పుండు పడినా మాత్రం చూపించుకోవాలి.

కింది పెదవికీ ఇలాగే చూసుకోండి. కింది ముందు పంటి చిగురు దిగిపోయి వేరు కనిపిస్తూ, పెదవి లాగినప్పుడల్లా ఆ అంచు కదులుతుంటే, అది పై పెదవి సందు కన్నా తొందరగా చూపించుకోవలసిన విషయం.

2. సందుకు కారణం ఫ్రీనమేనా అని తేల్చుకోండి

సందు ఉన్న ప్రతి నోటిలోనూ తప్పు ఫ్రీనానిది కాదు. రెండు ముందు పళ్ల మధ్య ఎముకలో అదనపు పన్ను దాగి ఉండవచ్చు. పక్కపళ్లు పుట్టుకతోనే లేకపోవచ్చు, లేదా మరీ చిన్నగా ఉండవచ్చు. మింగేటప్పుడు నాలుక పళ్లను ముందుకు తోసే అలవాటు ఉండవచ్చు. వీటిని తేల్చడానికి ఆ చోట ఒక చిన్న ఎక్స్‌రే, అవసరమైతే దవడ మొత్తం ఎక్స్‌రే తీయించాలి.

ముప్పై అయిదు, నలభై దాటినవాళ్లు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ సందు చిన్నప్పటి నుంచీ ఉన్నదా, ఈ రెండు మూడేళ్లలో వచ్చినదా? పెళ్లి ఫొటోలో లేని సందు ఇప్పుడు కనిపిస్తుంటే, దానికి కారణం సాధారణంగా చిగుళ్ల జబ్బు. ఎముక కరిగి పళ్లు పక్కకు జరుగుతున్నాయన్నమాట. అటువంటప్పుడు ఫ్రీనం ఆపరేషన్ అడగడం ఇంటి గోడ కుంగుతుంటే తలుపుకు రంగు వేయమన్నట్టే. ముందు చిగుళ్లు శుభ్రం చేయించుకుని, జబ్బును అదుపులోకి తెచ్చుకోవాలి. షుగర్ పరీక్ష కూడా అప్పుడే చేయించుకోండి.

3. ఏ పని కోసం, ఏ వరుసలో

ఆపరేషన్ ఎప్పుడు చేయాలన్నది దేని కోసం చేస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

సందు మూయించుకోవడం కోసమైతే: మామూలుగా ముందు క్లిప్పులతో సందు మూసి, తర్వాత ఫ్రీనం తీయాలి. ముందే తీస్తే ఆ చోట ఏర్పడే గట్టి మచ్చ కణజాలం పళ్లు దగ్గరికి రావడానికి అడ్డు తగలవచ్చు. మూసిన తర్వాత తీస్తే అదే మచ్చ పళ్లను పట్టి ఉంచడానికి తోడ్పడుతుంది. అయితే మడత మరీ లావుగా ఉండి, పళ్ల మధ్య నలిగి పుండు పడుతున్నా, దాని వల్ల సందు మూయడమే సాధ్యం కాకపోయినా, క్లిప్పుల డాక్టరే మధ్యలో ఆపి ముందుగా తీయించమంటారు. ఈ నిర్ణయం క్లిప్పులు వేసేవారూ ఆపరేషన్ చేసేవారూ మాట్లాడుకుని తీసుకోవలసినది. ఇద్దరూ వేరు వేరు ఊళ్లలో ఉంటే, ఒకరి చీటీ మరొకరికి చేరేలా మీరే చూసుకోండి.

చిగురు దిగకుండా ఆపడం కోసమైతే: క్లిప్పులతో పని లేదు, పళ్లు శుభ్రం చేయించాక తీయించుకోవచ్చు.

పళ్ల సెట్టు ఊడిపోతున్నందుకైతే: ముందు సెట్టు అంచులో ఆ మడత కదలడానికి చోటు వదిలి అరగదీసి చూడమనండి. దానితో సరిపోతే కోతే అవసరం లేదు. సరిపోకపోతే తీయించి, గాయం పూర్తిగా మానిన తర్వాతే కొత్త సెట్టుకు కొలతలు ఇవ్వండి.

సందు చిన్నదై, క్లిప్పులు వద్దనుకుంటే పంటి రంగు ఫిల్లింగుతో రెండు పళ్లను కొద్దిగా వెడల్పు చేసి మూయించుకోవచ్చు. చిగురు ఆరోగ్యంగా ఉంటే ఫ్రీనాన్ని ముట్టుకోనవసరమే లేదు. సందు మిమ్మల్ని బాధపెట్టకపోతే అసలు ఏదీ చేయించుకోనవసరం లేదు. సందుపళ్లు అదృష్టమని నమ్మే ఇళ్లు మనవైపు ఉన్నాయి. ఆ మాట నిజమో కాదో గాని, మూడో రకం ఫ్రీనంతో అరవై ఏళ్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిపినవాళ్లు మాత్రం నిజంగానే ఉన్నారు.

4. పద్ధతిని ఎంచుకోండి

“లేజరా, కుట్లా” అన్న ప్రశ్న కన్నా “నా మడత ఎంత లావు, ఎక్కడిదాకా దిగింది, చేసేవారి చేయి ఏ పద్ధతిలో తిరిగింది” అన్నదే సరైన ప్రశ్న.

*మామూలు కోత.* మడతను సన్నని పట్టకారులతో పట్టి, దాని పైనా కిందా బ్లేడుతో కోసి, మధ్య ముక్కను తీసేస్తారు. అప్పుడు అక్కడ పతంగి ఆకారంలో గాయం తెరుచుకుంటుంది. అడుగున ఎముకను పట్టి ఉన్న పీచును కూడా విడదీయాలి. అది వదిలేస్తేనే మడత మళ్లీ అతుక్కుంటుంది. పెదవి వైపు అంచులను కుట్లతో దగ్గరికి చేరుస్తారు. పళ్ల దగ్గరి చిన్న భాగం కుట్టుకు అందదు, అది దానంతటదే మానుతుంది. నల్లని సిల్కు దారమైతే వారం, పది రోజులకు తీయించుకోవాలి. కరిగే దారమైతే తీయనవసరం లేదు. లావైన మడతలకు ఇప్పటికీ నమ్మదగిన పద్ధతి ఇది. లోపం ఏమిటంటే, కొందరిలో మధ్యగీత మీద మచ్చ గట్టిగా నిలిచిపోతుంది.

*పక్క చిగురును జరిపే పద్ధతి.* మిల్లర్ అనే అమెరికన్ చిగుళ్ల వైద్యుడు 1985లో దీన్ని వివరించారు. మడతను తీసేశాక, పక్క పంటి మీది చిగురు పొరను కొంత విడదీసి, మధ్యకు జరిపి గాయాన్ని కప్పుతారు. అదే నోటి చిగురు కాబట్టి రంగు కలిసిపోతుంది, మధ్యలో మచ్చ కనిపించదు, పళ్ల మధ్య చిగురు మొన చెదరదు. క్లిప్పులతో సందు మూయించుకున్నవాళ్లలో, నవ్వితే చిగురు బాగా కనిపించేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. సమయం ఎక్కువ పడుతుంది, పక్కన తగినంత చిగురు ఉండాలి, చేసేవారికి అలవాటు ఉండాలి.

*జడ్ ఆకారపు కోత, వీ–వై కోత.* మడత వెడల్పుగా ఉండి, పెదవికీ చిగురుకూ మధ్య లోతు తక్కువగా ఉన్నవారికి ఇవి పనికొస్తాయి. వీ–వై అంటే ఇంగ్లీషు V ఆకారంలో కోసి Y ఆకారంలో కుట్టడం. Z ఆకారపు జడ్ కోతలో రెండు ముక్కోణపు పొరలను ఒకదాని చోట మరొకటి మార్చి కుట్టడం వల్ల ఆ చోటు పొడవు పెరుగుతుంది, మచ్చ ముడుచుకోదు. నైపుణ్యం ఎక్కువ అవసరమైన పని ఇది.

*లేజర్.* మనవైపు క్లినిక్‌లలో ఎక్కువగా ఉండేది డయోడ్ లేజర్. 810 నుంచి 980 నానోమీటర్ల మధ్య తరంగాలతో పనిచేస్తుంది, మెత్తని కణజాలాన్ని కోస్తూనే రక్తాన్ని ఆపుతుంది. సాధారణంగా కుట్లు ఉండవు, తొలి రోజుల నొప్పి, వాపు తక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవారికి, సూదీ దారం అంటే వణికిపోయేవారికి ఇది మేలు. కానీ గాయం తెరుచుకునే ఉండి మానుతుంది కాబట్టి, తొలి వారంలో పైకి చూడడానికి కుట్ల గాయం కన్నా ఆలస్యంగా మానుతున్నట్టు కనిపిస్తుంది. వేడి ఎముకకు తగిలితే నష్టం జరుగుతుంది. లేజర్ నడుస్తున్నంతసేపూ మీ కళ్లకూ ప్రత్యేకమైన అద్దాలు పెట్టాలి. పెట్టకపోతే అడగండి, మొహమాటపడకండి.

*కరెంటు కోత.* దీన్ని కాటరీ అంటారు. ఖర్చు తక్కువ, రక్తం తక్కువ. మాడిన వాసన వస్తుంది, భయపడనవసరం లేదు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఆ సంగతి కుర్చీ ఎక్కకముందే చెప్పి తీరాలి.

*సగం కోత.* మడతను పూర్తిగా తీయకుండా అడ్డంగా గీటు పెట్టి పైకి జరపడం. పని త్వరగా అవుతుంది కానీ, సందు కోసం వచ్చిన పెద్దవాళ్లలో మళ్లీ అతుక్కునే అవకాశం ఎక్కువ. “రెండు నిమిషాల పని, ఒక్క గీటుతో అయిపోతుంది” అని ఎవరైనా అంటే, పూర్తిగా తీస్తున్నారా, గీటు మాత్రమే పెడుతున్నారా అని అడగండి.

కింది పెదవి విషయంలో, గట్టి చిగురే మిగలని చోట మడత తీయడంతో సరిపెట్టకూడదు. అంగిలి నుంచి చిన్న చిగురు ముక్క తెచ్చి అతికించవలసి రావచ్చు.

5. ఎక్కడ, ఎవరి దగ్గర

ఈ పని చిగుళ్ల నిపుణులు లేదా నోటి ఆపరేషన్ల నిపుణులు చేస్తారు; చేయి తిరిగిన సాధారణ దంత వైద్యులు కూడా చేస్తారు. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి దంత విభాగంలో ముందుగా చూపించుకుని సలహా తీసుకోవచ్చు. ఖర్చు భారమనుకుంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది. ఖమ్మం, నిజామాబాదుల్లో ఉన్న ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా క్లినిక్‌ల కన్నా సాధారణంగా తక్కువకే అవుతుంది. అక్కడ పీజీ విద్యార్థులు చేసినా పక్కన అధ్యాపకులు ఉంటారు. పని నిదానంగా సాగుతుందే తప్ప నాణ్యత తగ్గుతుందని అనుకోకండి.

వెళ్లినప్పుడు ఇవి అడగండి: నాది ఏ రకం? ఏ పద్ధతి, ఎందుకు? కుట్లు ఏ దారం, మళ్లీ ఎన్నిసార్లు రావాలి? ఆ రుసుములో మందులు, కుట్లు తీయడం కలిసి ఉన్నాయా? పరీక్ష చేయకుండా, ఎక్స్‌రే చూడకుండా ఆ రోజే కోస్తామంటే, ఇంటికి వచ్చి ఆలోచించుకోండి. ఇందులో ఎమర్జెన్సీ ఏమీ లేదు.

6. తేదీ, ముందురోజు ఏర్పాట్లు

ఇంట్లో పెళ్లి, సంక్రాంతి, మేడారం జాతర ప్రయాణం ఉంటే దానికి కనీసం రెండు వారాల ముందో, అయిపోయాకో పెట్టుకోండి. దావత్‌లో అందరూ బగారా అన్నం తింటుంటే మీరు జావ తాగుతూ కూర్చోవడం ఒక ఇబ్బంది. దుమ్ములో, ఎండలో, నీళ్లు సరిగ్గా దొరకని చోట నోటి గాయంతో తిరగడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. పాఠాలు చెప్పేవాళ్లు, రోజంతా మాట్లాడే పని ఉన్నవాళ్లు రెండు మూడు రోజులు సెలవు పెట్టుకోవాలి. భూపాలపల్లి, మహబూబాబాద్ వంటి చోట్ల నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఉదయపు సమయం తీసుకోండి. మత్తు దిగకముందే ఇంటికి చేరవచ్చు, రక్తం వస్తే పగటిపూటే ఫోన్ చేయవచ్చు.

ఖాళీ కడుపుతో రాకండి. మత్తు ఆ చోటుకు మాత్రమే ఇస్తారు గనుక టిఫిన్ చేసి, రోజూ వేసుకునే బీపీ మాత్ర వేసుకుని రండి. షుగర్ మందు వేసుకుని తినకుండా రావడం నేను చూసే పొరపాట్లలో ప్రమాదకరమైనది.

హెచ్చరిక: గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడుతుంటే మీ అంతట మీరు ఆపవద్దు. ఈ చిన్న కోత నుంచి వచ్చే రక్తాన్ని ఆపగలము. మందు ఆపడం వల్ల గుండెకు, మెదడుకు వచ్చే ముప్పును ఈ కుర్చీ దగ్గర ఆపలేము. మందు రాసిన డాక్టరు, కోత చేసే డాక్టరు మాట్లాడుకోవాలి. గర్భిణులు కాన్పు అయ్యేదాకా వాయిదా వేసుకోవడం మేలు. ఈ మధ్యనే డెంగీ వచ్చి తగ్గినవాళ్లు ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాయని రిపోర్టు చూపించాకే తేదీ తీసుకోండి.

7. కుర్చీలో జరిగేది

పెదవి లోపల పూతమందు రాసి, ఆ తర్వాత అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ మత్తుసూది ఇస్తారు. సూది గుచ్చేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగేంత చురుక్కుమంటుంది, మొత్తం పనిలో నొప్పి అంటే అదొక్కటే. కొందరికి ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడలాడుతుంది. అది అడ్రినలిన్ వల్ల, తగ్గిపోతుంది. మూడు నాలుగు నిమిషాలకు పెదవి చెక్కలా అవుతుంది. కోత మొదలుపెట్టాక లాగుతున్నట్టు తెలుస్తుంది గాని నొప్పి తెలియకూడదు. తెలిస్తే చేయి ఎత్తండి, ఇంకొంచెం మత్తు ఇస్తారు. మామూలు కోతకు, లేజరుకు పదిహేను నుంచి ముప్పై నిమిషాలు పట్టవచ్చు, పక్క చిగురు జరిపే పద్ధతికి ఇంకా ఎక్కువ. గాయం మీద గులాబీ రంగు ముద్దలాంటి కట్టు పెడితే, దాన్ని వారం వరకు కదిలించకండి. ముక్కలుగా ఊడితే కంగారు పడకుండా ఫోన్ చేయండి.

8. మొదటి ఇరవై నాలుగు గంటలు

పుక్కిలించవద్దు, ఉమ్మవద్దు, స్ట్రాతో తాగవద్దు. నోట్లో ఊరిన లాలాజలాన్ని మింగేయండి, కొద్దిగా ఎర్రగా ఉన్నా ఫర్వాలేదు. పెదవి పైన, మూతికి బయటి వైపు, గుడ్డలో చుట్టిన ఐసును పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీస్తూ ఉండండి. మత్తు దిగేదాకా, అంటే రెండు మూడు గంటలు, ఏమీ తినకండి. తెలియకుండానే పెదవి కొరుక్కుంటారు. నొప్పి మాత్రను మత్తు దిగకముందే వేసుకోండి. రాత్రి తల కింద ఇంకో దిండు పెట్టుకోండి.

రక్తం వస్తే శుభ్రమైన గాజుగుడ్డను తడిపి, మడిచి, గాయం మీద పెట్టి పైనుంచి పెదవితో సహా గట్టిగా ఇరవై నిమిషాలు నొక్కి ఉంచండి. గడియారం చూసి ఇరవై నిమిషాలు. రెండు నిమిషాలకోసారి తీసి చూడడమే అందరూ చేసే తప్పు. చూసిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడివస్తుంది. అప్పటికీ ఆగకపోతే డాక్టరుకు ఫోన్ చేసి బయలుదేరండి.

గాయం మీద పసుపు అద్దడం, లవంగ నూనె పూయడం, నిమ్మరసం పిండడం చేయవద్దు. లవంగ నూనె పుప్పి పంటికి ఉపశమనం ఇస్తుందేమో గాని, పచ్చి గాయాన్ని కాలుస్తుంది.

9. మొదటి వారం

రెండో రోజు నుంచి గోరువెచ్చని ఉప్పు నీళ్లను నోట్లో పోసుకుని, తలను అటూ ఇటూ వంచి వదిలేయండి, గడగడలాడించకండి. రాసిచ్చిన, నోరు కడుక్కునే క్లోర్‌హెక్సిడిన్ మందును రోజుకు రెండుసార్లు, పది మిల్లీలీటర్ల చొప్పున వాడండి. పళ్లు తోమిన వెంటనే వాడితే పేస్టు దాని పనిని తగ్గిస్తుంది, అరగంట ఆగండి. వారం దాటి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, అవి తీసివేయదగినవే. మిగతా పళ్లను మామూలుగా బ్రష్‌తో తోమండి. గాయం పక్క పళ్లను మాత్రం వారంపాటు తడి గాజుగుడ్డతో తుడవండి. వేపపుల్ల, బొగ్గుపొడి ఈ నెలంతా వద్దు.

చల్లారిన రాగి జావ, అంబలి, మెత్తగా కలిపిన పెరుగన్నం, కారం లేని పెసరపప్పు, అరటిపండు మంచివి. తొక్కు, పచ్చిపులుసు గాయానికి తగిలితే మంట పుడుతుంది. సకినాలు, సర్వపిండి, చెరుకు ముక్కలు, కాల్చిన మక్క కంకి మూడు నాలుగు వారాలు ముట్టుకోవద్దు; ముందు పళ్లతో కొరికి లాగే ప్రతి తిండీ ఆ గాయాన్ని లాగుతుంది. కల్లు, మందు, బీడీ, సిగరెట్, గుట్కా, అంబర్ గాయం మానేదాకా పూర్తిగా ఆపాలి. పెదవి వెనక ఖైనీ ముద్ద పెట్టుకునే అలవాటున్నవాళ్లకు నేను చేతులు పట్టుకుని చెబుతాను: మీరు పెట్టే చోటే మేము కోసిన చోటు.

నొప్పికి పారాసెటమాల్ చాలామందికి చాలు. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు ఐబూప్రొఫెన్ వంటివి అడగకుండా వేసుకోవద్దు. వానకాలంలో ఆపరేషన్ తర్వాత జ్వరం వస్తే అది గాయానిదో డెంగీదో తేలేదాకా పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర మింగవద్దు, రక్తపరీక్ష చేయించుకోండి.

పెదవి లేపే వ్యాయామం గురించి చాలామంది అడుగుతారు. కుట్లు ఉన్నవాళ్లు అవి తీసేదాకా పెదవిని లాగకండి. లేజర్‌తో చేయించుకున్నవాళ్లకు, గాయం రెండు అంచులూ అతుక్కోకుండా కొందరు డాక్టర్లు మూడో రోజు నుంచి నెమ్మదిగా లేపమంటారు. మీకు చేసినవారు ఏది చెబితే అదే చేయండి, ఎక్కడో వీడియోలో చూసినది కాదు.

10. సరిగ్గా మానుతున్నదా అని ఎప్పుడు ఏమి చూడాలి

*రెండో, మూడో రోజు.* వాపు ఈ రోజుల్లోనే ఎక్కువగా ఉంటుంది. గాయం మీద పాలమీగడ లాంటి తెల్లని, లేదా లేత పసుపు పొర కనిపిస్తుంది. ఇది చీము కాదు. కొత్త చర్మం దీని కిందే పెరుగుతుంది. జనగామ వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ దాన్ని చీము అనుకుని, చీర కొంగు తడిపి, మూడు రోజులపాటు పొద్దునా సాయంత్రం తుడిచేశారు. నా దగ్గరికి వచ్చేసరికి గాయం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఎర్రగా, పచ్చిగా ఉన్నది. తుడవడం ఆపిన వారానికి మానింది. చీము అయితే వాసన వస్తుంది, నొక్కితే కారుతుంది, నొప్పి రోజురోజుకూ పెరుగుతుంది. ఈ పొరకు ఆ మూడూ ఉండవు.

*ఏడు నుంచి పది రోజులు.* కుట్లు తీయించుకునే రోజు. తీసేటప్పుడు వెంట్రుక లాగినట్టు ఉంటుంది, మత్తు అవసరం లేదు. “నొప్పి లేదు కదా” అని కుట్లు తీయించుకోకుండా వదిలేయవద్దు. దారం చుట్టూ మురికి చేరి చిగురు ఉబ్బుతుంది.

*నెలకు.* గులాబీ రంగు వచ్చి ఉండాలి. మొదటి రోజు చేసిన పరీక్షను ఇప్పుడు మళ్లీ చేయండి: పెదవిని నెమ్మదిగా లేపి, పళ్ల మధ్య చిగురు మొనను చూడండి. తెల్లబడకూడదు, కదలకూడదు. మధ్యలో కొద్దిగా గట్టిగా తగిలితే మచ్చ ఇంకా మెత్తబడుతున్నదని అర్థం, దానికి కొన్ని నెలలు పడుతుంది.

*మూడు నెలలకు.* మడత మళ్లీ అంచుదాకా దిగిందా, పళ్ల మధ్య చిగురు మొన తగ్గి నల్లని ముక్కోణపు ఖాళీ కనిపిస్తున్నదా అని చూసుకోండి. మొదటిది సాధారణంగా లోపలి పీచును పూర్తిగా విడదీయకపోతే, రెండోది చిగురు మొనను ఎక్కువగా కోస్తే వస్తుంది. రెండింటికీ మందు మాత్రలతో పని జరగదు, చేసినవారికే ముందు చూపించండి.

ఆగకుండా బయలుదేరవలసిన సందర్భాలు: ఇరవై నిమిషాలు సరిగ్గా నొక్కినా ఆగని రక్తం, మూడో రోజు తర్వాత తగ్గవలసిన వాపు ముక్కు వైపుకో కంటి కిందికో పాకడం, 101 డిగ్రీల జ్వరం, చలి, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు. చివరి రెండింటికి క్లినిక్ తెరిచేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి పెద్దాసుపత్రికి నేరుగా వెళ్లండి.

11. సందు మూయించుకున్నవాళ్లకు మాత్రమే

ఫ్రీనం పోయింది కదా అని, క్లిప్పులు తీశాక పళ్లు జరగకుండా పెట్టే రిటైనర్‌ను తీసేస్తే పళ్లు మళ్లీ జరుగుతాయి. పళ్ల వెనక అతికించే సన్నని తీగ రిటైనర్ పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి అవసరం. నెలకోసారి నాలుక కొనతో ఆ తీగను తడిమి చూడండి. ఒక చివర గుచ్చుకుంటున్నట్టు తగిలినా, ఒక పంటి దగ్గర ఊగినట్టు అనిపించినా అది ఊడిందని అర్థం, వారంలోపు అతికించుకోండి. రెండు పళ్ల మధ్య పళ్లదారం దూర్చి లాగితే కొద్దిగా బిగుతుగా తగలాలి. ఏ ఆటంకమూ లేకుండా జారిపోతుంటే సందు తెరుచుకోవడం మొదలైనట్టే. తర్వాతి ఆరు నెలల పరీక్షకు వచ్చేటప్పుడు మొదటి రోజు అద్దం ముందు తీసిన ఆ ఫొటోను ఫోనులో తీసుకురండి. దాన్నీ అప్పటి మీ చిగురునూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది.